జీతం ఒకటో తేదీన, ఓడ ఎప్పుడో

"అండమాన్‌లో ఖర్చేముంటాది? సినిమా హాళ్లా, షాపింగ్ మాళ్లా? చేపలు సముద్రంలో, కొబ్బరికాయలు చెట్టు మీద. వచ్చిన జీతం వచ్చినట్టు మిగిలిపోద్ది." శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ పెళ్లికెళ్లినా ఈ మాట వినకుండా తిరిగి రావడం ఉండదు. ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా ప్రతి ఊళ్లోనూ అండమాన్ వెళ్లినవాళ్లున్న ఇల్లు ఒకటైనా ఉంటుంది కాబట్టి అందరికీ ఈ విషయం మీద ఒక అభిప్రాయం ఉంది. అభిప్రాయమంటే తప్పులేదు. కానీ ఈ మాట ఆధారంగా అప్పులడుగుతారు, కట్నాలు నిర్ణయిస్తారు, ఆస్తి పంపకాల్లో "వాడికేం, దీవిలో ఉన్నాడు" అని వాటా తగ్గిస్తారు. డబ్బు పంపడం ఒక నెల ఆలస్యమైతే ఆ ఇంటి ఇల్లాలికి దుబారా మనిషని పేరు పెడతారు. దీవిలో సంసారం చేస్తున్న మనిషిగా చెబుతున్నాను. ఆ మాట అబద్ధం, దానివల్ల జరుగుతున్న అన్యాయం నిజం.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నది 3.8 లక్షల మంది. వాళ్లలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. అంటే యాభై వేలమందికి అటూ ఇటూ. పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చారు గానీ మా నోళ్లకింకా పాత పేరే వస్తుంది. ఆ ఊళ్లో జంగ్లీఘాట్‌కు వెళితే శ్రీకాకుళం యాస వినిపిస్తుంది. వాళ్లలో అందరూ సర్కారు ఉద్యోగులు కారు. చేపల వేటకెళ్లేవాళ్లు, వడ్రంగులు, తాపీ పనివాళ్లు, కొట్లలో పద్దులు రాసేవాళ్లు, నాలాగా ప్రైవేటు బడుల్లో పాఠాలు చెప్పేవాళ్లు ఎక్కువ. "జీతం మిగులుద్ది" అనేవాళ్ల కళ్లముందున్నది మాత్రం ఎప్పుడూ ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగే.

ఇక్కడ చవకైనవి కొన్ని ఉన్నాయి, వాటిని దాచను. దేశంలో పెట్రోలు బాగా తక్కువ ధరకు దొరికే చోట్లలో మాదొకటి. కరెంటులో ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్లతో తయారవుతుంది, దాని అసలు ఖర్చులో మేం కట్టేది చిన్న ముక్క, మిగతాది ప్రభుత్వం భరిస్తుంది. దీవివాసుల కార్డు ఉంటే ఓడ టికెట్ పర్యాటకులు పెట్టేదానికంటే చాలా తక్కువ. సముద్రం బాగున్న రోజుల్లో తాజా చేప దొరుకుతుంది. ఇవన్నీ మాకు మేలే. కాదనే మనిషిని కాను. ఈ నాలుగు మంచి విషయాలనే పట్టుకుని ఇల్లు గడిచే తీరంతా అంచనా వేయడం దగ్గరే తప్పు జరుగుతోంది.

ఇల్లు గడవడంలో మాకున్న కష్టం ఒక్కో వస్తువు ధరలో కంటే తేదీలలో ఎక్కువ ఉంది. జీతం ఒకటో తేదీన వస్తుంది, లేదా వేటకెళ్లినవాడికి పడవ ఒడ్డుకొచ్చిన రోజున డబ్బు వస్తుంది. సరుకు మాత్రం ఓడ వచ్చినప్పుడు వస్తుంది. బియ్యం, కందిపప్పు, నూనె, ఉల్లి, బంగాళాదుంప, చింతపండు, మందులు, సిమెంటు, పిల్లల నోటు పుస్తకాలు, అన్నీ చెన్నై నుంచో కోల్‌కతా నుంచో సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి రావాలి. వరి ఇక్కడ పండేదే తక్కువ, 2004 డిసెంబరు 26 సునామీకి ఉప్పునీళ్లు ఎక్కిన పొలాలు కొన్ని మళ్లీ సాగులోకి రాలేదు. విశాఖ నుంచి ప్రయాణికుల ఓడ నెలకొకటి వస్తే గొప్ప. తుపాను హెచ్చరిక పడితే వచ్చే ఓడ ఆగిపోతుంది, వచ్చిన ఓడ బయటే లంగరు వేసుకుని కూర్చుంటుంది. చేతిలో డబ్బున్న వారం కొట్లో సరుకుండదు, సరుకు దిగిన వారం డబ్బు అయిపోయి ఉంటుంది. ఈ రెండు తేదీల మధ్య సందులో సంసారాన్ని ఈదించుకు రావడమే ఇక్కడి ఇల్లాలు చేసే పని.

కాబట్టి సరుకు దిగిన రోజున కొనక తప్పదు. కావలసినదానికంటే ఎక్కువ కొనాలి, చేబదులు తెచ్చైనా కొనాలి. మా వీధిలో వానాకాలం మొదలయ్యే ముందు ఏ ఇంటికెళ్లినా ఒకే దృశ్యం. ఒక గోనెపట్టా మీద ఉల్లిపాయలు పరిచి ఉంటాయి. ఎదురింటి వదిన వాటి ముందు పీట వేసుకుని కూర్చుని ఒక్కోదాన్ని బొటనవేలితో నొక్కి చూస్తుంది. మెత్తబడ్డవి ఈ పూటకి. మొలక పొడుచుకొచ్చినవి ఈ వారానికి. పొర గలగలలాడే గట్టివి ఆఖరికి, అవి అటక మీద తాడుకు వేలాడదీసిన బుట్టలోకి పోతాయి. రెండు రోజులకోసారి మళ్లీ దించి నొక్కి చూడాలి. ఇంత చూసినా బస్తాలో ఎన్నో కొన్ని కుళ్లిపోతాయి. ఆ కుళ్లినవాటికి కూడా డబ్బు పెట్టాం కదా. సోంపేట సంతలో కిలో కొని, మూడోరోజుకు మళ్లీ కిలో కొనుక్కునే మనిషికి కుళ్లిపోయే వాటా అనే పద్దే ఉండదు. మా పద్దుల పుస్తకంలో అది ప్రతి సీజనులోనూ ఉంటుంది. వంకాయ, బెండకాయ, ఆకుకూరలు ఇక్కడ పండుతాయి. నీల్ దీవి, అంటే ఇప్పటి షహీద్ ద్వీప్, కూరగాయలకు పేరున్న చోటు. మంచిదే. కానీ ఉల్లి, బంగాళాదుంప అక్కడ పండవు. వానలు దంచికొట్టే నెలల్లో దీవికీ దీవికీ మధ్య తిరిగే పడవలు ఆగితే ఆ వంకాయలు కూడా అక్కడే ఉండిపోతాయి. అప్పుడు బజారులో విమానంలో దిగిన టమాటాలు కనిపిస్తాయి. వాటి ధర అడిగి వెనక్కి తిరిగే ఆడవాళ్లను అబర్డీన్ బజారులో రోజూ చూడొచ్చు.

ఇక డబ్బు నిపుణుల మాట. పత్రికల్లోనూ వీడియోల్లోనూ చెప్పే సూత్రం అందరికీ కంఠస్థమైపోయింది: ఆదాయంలో 50 శాతం అవసరాలకు, 30 శాతం కోరికలకు, 20 శాతం పొదుపుకు. సరుకులు పేర్చిపెట్టకండి, కావలసినప్పుడే కొనండి, డబ్బును బ్యాంకులో ఉంచండి అని దానికి తోక. రైలుస్టేషనూ రైతుబజారూ ఉన్న ఊరికి ఈ సలహా సరిపోవచ్చు. దీవిలో ఆ గీతలు చెరిగిపోతాయి. నేను అదనంగా కొన్న రెండో బియ్యం బస్తాను ఏ వాటాలో రాయాలి? అది అవసరమూ అవును, పొదుపూ అవును. ఓడ రాని రెండు వారాల్లో బ్యాంకు పాసుపుస్తకంలో ఉన్న అంకె అన్నం పెట్టదు, ఆ బస్తా పెడుతుంది. మా పొదుపు డబ్బాల్లో ఉంటుంది, అటక మీద ఉంటుంది. దానికి వడ్డీ రాదు, పైగా పురుగు పడుతుంది. బ్యాంకు నిల్వ చూసి "ఏమీ వెనకేసుకోలేదు" అని తేల్చేవాళ్లు మా అటక చూడలేదు.

ఆ పురుగు దగ్గర్నుంచే ఇంకో ఖర్చు మొదలవుతుంది. దాన్ని మెయిన్‌లాండ్‌లో ఉన్నవాళ్లు ఊహించలేరు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. మాకు ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడుతుంది. మే నుంచి డిసెంబరు దాకా ఏదో ఒక రుతుపవనం నెత్తిమీదే ఉంటుంది. ఆ తేమలో సముద్రపు ఉప్పు కలిసుంటుంది. ఉప్పు డబ్బాలో ఉప్పు నీళ్లవుతుంది. అప్పడాలు మెత్తబడతాయి. ఆవకాయ మీద నూనె రవంత తగ్గితే బూజు. బీరువాలో పట్టుచీర మడతల్లో తెల్లటి మచ్చలు లేస్తాయి, అందుకని చాలా ఇళ్లలో బీరువా లోపల చిన్న బల్బు వెలిగించి ఉంచుతారు, ఆ వెచ్చదనానికి బట్టలు దక్కుతాయని. ఫ్యాను రెక్కల బోల్టులు, కుర్చీ కాళ్లు, సైకిలు చక్రాల చువ్వలు, గ్యాసు పొయ్యి అడుగు అన్నీ తుప్పుకే. ఊళ్లో పదేళ్లొచ్చే వస్తువు ఇక్కడ అందులో సగం కాలం వస్తే సంతోషిస్తాం. పాడైన వాషింగ్ మెషిన్‌కు ఒక చిన్న విడిభాగం కావాలంటే అది కూడా ఓడలో రావాలి, అప్పటిదాకా బాగుచేసేవాడు మెషిన్ విప్పి పెట్టి వెళతాడు. కొన్న ధర ఒక్కటే చూసేవాళ్లకు ఇది కనబడదు. ఒక వస్తువు ఎన్నాళ్లొచ్చిందో దానితో భాగించి చూస్తే మా ఇంట్లో ఫ్యాను గాలి ఎంత ఖరీదో తెలుస్తుంది.

ఇంత వాన పడే చోట నీళ్లు కొనుక్కోవడం వింతగా ఉంటుంది గానీ అదీ నిజమే. ఏటవాలు కొండలు, చెప్పుకోదగ్గ నదులు లేవు, పడిన వాన పడినట్టే సముద్రంలోకి పోతుంది. పోర్ట్ బ్లెయిర్ ప్రధానంగా ధనికారి జలాశయం మీద బతుకుతోంది. ఫిబ్రవరి దాటితే నీటిమట్టం పడిపోతుంది, కుళాయి రోజు విడిచి రోజూ రాదు, ఇంకా ఎడంగా వస్తుంది. ఆ మూడు నెలల కోసం ఇంటింటా ప్లాస్టిక్ ట్యాంకులు, డ్రమ్ములు ఉండాలి. అద్దె ఇల్లు వెతికేవాడు ఎన్ని గదులని అడగడు, ఎన్ని లీటర్ల ట్యాంకని అడుగుతాడు. ట్యాంకు పెద్దదైతే అద్దె పెరుగుతుంది. ఉద్దానంలో నీటి బాధ తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

"మరి అలవెన్స్ ఇస్తున్నారుగా" అనేది తిరుగులేని అస్త్రంలా వాడతారు. లెక్క వేద్దాం. కేంద్ర ఉద్యోగులకు దీవుల్లో పనిచేసినందుకు ఇచ్చే ప్రత్యేక భత్యం మూల వేతనంలో పోర్ట్ బ్లెయిర్‌లో 10 శాతం, మిగతా అండమాన్‌లో 16 శాతం, లిటిల్ అండమాన్, నికోబార్ దీవుల్లో 20 శాతం. మూల వేతనం 30,000 ఉన్న మనిషికి పోర్ట్ బ్లెయిర్‌లో నెలకు 3,000, ఏడాదికి 36,000 రూపాయలు. ఊళ్లో తల్లికి బాగాలేదని కబురొస్తే భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు వెళ్లి రావడానికి ఎనిమిది టికెట్లు. అప్పటికప్పుడు కొన్న విమానం టికెట్ ఒక్కోటి 8,000 అనుకున్నా 64,000. ఒక్క కబురుతో దాదాపు రెండేళ్ల భత్యం చెల్లిపోతుంది. ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) ఉంది కదా, అత్యవసర ప్రయాణ రాయితీ ఉంది కదా అంటారు. ఉన్నాయి, కానీ లెక్కపెట్టి ఇచ్చేవవి, కష్టాలు లెక్కపెట్టుకుని రావు. ఇక కరువు భత్యం దేశమంతటికీ ఒకే ధరల సూచీ మీద లెక్కేస్తారు. ఓడ రాని వారం మా బజారులో ఉల్లి ఏమైందో దానికి తెలియదు. ఇదంతా ఉద్యోగి సంగతి. జంగ్లీఘాట్ జాలరికి, వడ్రంగికి, నా బడిలో ఆయాకు ఆ 10 శాతం కూడా లేదు. ధరలు మాత్రం అందరికీ ఒకటే.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఈ ప్రయాణాల పద్దు. ఓడలో ఊరు చేరాలంటే మూడు రోజులు, అదీ ఓడ ఉన్న రోజున. చావు కబురుకు ఓడ పనికిరాదు, మూడు రోజులు శవాన్ని ఉంచరు. అందుకే ఇక్కడ తెలివైన ఇల్లాలు ఎప్పుడూ ఒక విమానం టికెట్ డబ్బులు ముట్టకుండా పక్కన పెడుతుంది. పిల్ల ఫీజు కట్టాల్సి వచ్చినా, చీటీ పాటలో నష్టపోయినా ఆ డబ్బు ముట్టదు. మెయిన్‌లాండ్‌లో "అత్యవసర నిధి" అంటే ఉద్యోగం పోతే బతకడానికి. మాకు అది తండ్రి ముఖం ఆఖరిసారి చూడడానికి. నలుగురికి సరిపడా దాచలేని ఇళ్లలో ఒక్కరే వెళతారు. ఎవరు వెళ్లాలో భార్యాభర్తలు తేల్చుకోవాల్సి వస్తుంది. వెళ్లనివాళ్ల మీద ఊళ్లో వచ్చే మాటలు నాకు తెలుసు. "తండ్రి పోతే రాలేదు, డబ్బు మీద ఆశ" అంటారు. జీతమంతా మిగులుతోందని నమ్మేవాళ్లకు అలాగే అనిపిస్తుంది. ఆ నమ్మకం అబద్ధమైతే ఆ నింద ఎంత క్రూరమో ఆలోచించండి.

వైద్యమూ అంతే. ప్రభుత్వాసుపత్రి ఉంది, ఉచితంగా చూస్తారు, ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. ఇక్కడ కాదని చెన్నై రాసిచ్చిన రోజున మాత్రం ఇల్లు రెండవుతుంది. రోగితో ఒకరు, అక్కడ గది అద్దె, హోటలు తిండి, ఇక్కడ పిల్లల్ని చూసేవాళ్ల ఖర్చు. ఆసుపత్రి బిల్లు బీమా కట్టినా ఈ పక్క ఖర్చులు ఏ బీమాలోనూ రావు.

పోర్ట్ బ్లెయిర్ గురించే ఇంతసేపు మాట్లాడాను, అది మాలో పట్నం. ఉత్తరాన డిగ్లీపూర్‌కు లారీ పోవాలంటే జార్వా గిరిజనులకు కేటాయించిన అడవి గుండా నిర్ణీత వేళల్లోనే, కాన్వాయ్‌లోనే కదలాలి. దక్షిణాన క్యాంప్‌బెల్ బే పోర్ట్ బ్లెయిర్‌కు 500 కిలోమీటర్ల పైమాటే. ఒకే సరుకు ధర చెన్నైలో ఒకటి, పోర్ట్ బ్లెయిర్‌లో రెండోది, అక్కడ మూడోది. చిన్న దీవిలో కొట్లు ఒకటో రెండో ఉంటాయి. అక్కడి సంసారాలు చాలావరకు ఖాతా మీద నడుస్తాయి. ఖాతా ఉన్న కొట్టు వదిలి రెండో కొట్టుకు పోలేరు, పోతే పాత బాకీ అడుగుతారు. అందుకని చెప్పిన ధరకే తీసుకుంటారు. గీసి గీసి బేరమాడి కొనాలని సలహా ఇచ్చేవాళ్లు, బేరానికి రెండో మనిషి కావాలన్న సంగతి మరిచిపోతున్నారు. అక్కడ కొట్టువాణ్ని కూడా నేను తప్పుపట్టను. ఓడ ఆలస్యమైతే అతని సరుకూ కుళ్లుతుంది, ఆ నష్టం ఎక్కడో ఒకచోట కలుపుకోవాలి.

ఇప్పుడు చదువుకున్న కుర్రాళ్లు కొత్త వాదన తెచ్చారు. చెన్నై నుంచి సముద్రం అడుగున 2,312 కిలోమీటర్ల కేబుల్ వేశారు, 2020 ఆగస్టు 10న మొదలైంది, ఇంటర్నెట్ వేగంగా వస్తోంది, ఇక అన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, దూరం పోయింది అని. కేబుల్ రావడం పెద్ద మేలు. అంతకుముందు ఉపగ్రహం మీద ఆధారపడి, పిల్లల పరీక్ష ఫారం నింపడానికి అర్ధరాత్రి దాకా కూర్చున్న రోజులు మరిచిపోలేం. అయితే కేబుల్ బొమ్మను తెస్తుంది, వస్తువును తీసుకురాదు. 744తో మొదలయ్యే మా పిన్‌కోడ్ కొడితే చాలా వస్తువులకు ఇక్కడికి పంపలేమని వస్తుంది. బరువైనవైతే మరీను. పంపేవి కూడా ఎప్పుడు చేరతాయో చెప్పలేని ప్రయాణం చేస్తాయి. దూరం పోలేదు, ధరల తేడా మాత్రం ఇప్పుడు కళ్లకు కట్టినట్టు కనబడుతోంది.

ఇంకా ఒక ఎత్తిపొడుపు మిగిలి ఉంది. "అంత కష్టమైతే వచ్చేయొచ్చుగా, ఎవరు ఉండమన్నారు?" మా తరానికి ముందువాళ్లు ఉద్దానంలో పనిలేక, తీరంలో వేట సరిగా లేక ఓడెక్కారు. వాళ్ల పిల్లలు ఇక్కడ పుట్టారు, ఇక్కడే ఓటు, ఇక్కడే బడి. ఇది మా ఊరు. ఊరు వదిలేయమనడం బడ్జెట్ సలహా కాదు. జీతం చాలక హైదరాబాద్‌లో అవస్థపడే మనిషితో "ఊరికి పో" అనడం మర్యాద కాదని అందరికీ తెలుసు. మాతో మాత్రం అనొచ్చా?

మాకు కావలసినవి పెద్ద పెద్ద కోరికలేమీ కావు. సరుకు ఓడల తేదీలు మూడు నెలల ముందుగా, మార్చకుండా ప్రకటిస్తే చాలు, ఒక కుటుంబం ఎంత కొనాలో, ఎప్పుడు కొనాలో తేల్చుకుంటుంది. ఆ ఒక్క పనితో కుళ్లిపోయే ఉల్లి తగ్గుతుంది, చేబదుళ్లు తగ్గుతాయి. చిన్న దీవుల రేషను కొట్లలో వానాకాలానికి సరిపడా పప్పు, నూనె ముందే దించి పెడితే ఖాతా కొట్టు పట్టు సడలుతుంది. చావు, జబ్బు ప్రయాణాలకు ప్రైవేటు పనివాళ్లకు కూడా విమానంలో రాయితీ సీట్లు కొన్ని ఉంచడం ప్రభుత్వానికి భారమేమీ కాదు.

ఊళ్లో మా బంధువులకు చెప్పేది వేరే ఉంది. అండమాన్ సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి జీతమెంత అని అడిగి ఊరుకోకండి. ఏ దీవి, జెట్టీకి ఎంత దూరం, ఇంట్లో ట్యాంకు ఉందా, కొట్లో ఖాతా బాకీ ఎంత, ఊరికి ఆఖరుసారి ఎప్పుడు రాగలిగారు అని అడగండి. కట్నం మాట ఆ జవాబులు విన్న తర్వాత ఎత్తాలనిపిస్తుందేమో అప్పుడు చూద్దాం.